మా అక్క చెంచా, మేనకోడలి రెండు తొట్లు

ఉప్పాడలో నా మాట నమ్మే ప్రాణులు రెండే. ఒకటి మా కొట్టు మెట్ల మీద పడుకునే కుక్క. రెండోది నేను. నేను కూడా అన్ని రోజులూ నమ్మను.

వలలు, తాళ్ళు, బెండ్లు అమ్మే కొట్టు నాది. వల కోసం వచ్చినవాడు ఉత్త వల పట్టుకుని పోతే బేరం చప్పగా ఉంటుందని, దానితోపాటు ఒక కథ కూడా చుట్టి ఇస్తాను. సముద్రం మా పాత ఇంటిని మింగిన రోజున వాకిట్లో కాళ్ళు కడుక్కుని మరీ లోపలికి వచ్చిందని చెప్పాను. అప్పుడు కొట్టుకుపోయిన బీరువా ఆరేళ్ళకు తిరిగి ఒడ్డుకొస్తే, లోపల నా పెళ్ళి చొక్కా మడత నలగకుండా ఉందని చెప్పాను. సముద్రం మా ఇళ్ళు రెండు మింగిన మాట నిజం. కాళ్ళు కడుక్కున్న మాటే నా సొంతం. నేను అబద్ధాలాడను. నిజానికి కాస్త ఉప్పు పట్టించి ఎండబెడతాను, అంతే. అలా చేస్తే నిలవ ఉంటుంది.

కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది ఉప్పు లేని పచ్చి నిజం అంటే మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి. నవ్వుతూనే చదవండి.

ముందు మా అక్క గురించి చెప్పాలి. ఆవిడ ఇంటికీ మా ఇంటికీ వాకిలి ఒక్కటే. పాతచోట మధ్యలో గోడ ఉండేది, దాన్ని సముద్రం పట్టుకుపోయింది. కొత్తచోట మళ్ళీ కట్టాలని ఇద్దరికీ తోచలేదు. మా అక్క పని రొయ్య పిల్లను లెక్కపెట్టడం. మా తీరం పొడుగునా రొయ్య పిల్లను పొదిగించే హేచరీలున్నాయి. చెరువుల రైతులు పాలకొల్లు అవతలి నుంచి కూడా పిల్ల కోసం ఇక్కడికి వస్తారు. పిల్ల అంటే కనుబొమ్మ వెంట్రుకంత ఉంటుంది. ఒక్కో సంచిలో నీళ్ళు పోసి, గాలి నింపి, వేలకు వేలు వేస్తారు. అన్ని సంచులూ లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు గనక, రైతు వచ్చి తనకు తోచిన ఒక్క సంచి పక్కకు తీయిస్తాడు. దాన్ని ఒక్కొక్క పిల్లా ఎంచుతారు. ఆ లెక్కే మిగతా సంచులన్నిటికీ. ఆ ఎంచే మనిషి సరైనది కాకపోతే రైతు చెరువు సగం ఖాళీగా ఉండిపోతుంది. అందుకని రైతులు తమ తరఫున మా అక్కను కూర్చోబెట్టుకుంటారు.

తెల్ల బేసిను, స్టీలు చెంచా, పక్కన గవ్వల గిన్నె, ఇవీ ఆవిడ పనిముట్లు. ముందు బేసినులో ఉత్త నీళ్ళు పోసి, వంగి, కాసేపు అందులోకే చూస్తుంది. పిల్లను వెయ్యకముందే అందులో ఏమైనా కదులుతోందేమోనని. ఏమీ లేదని తేలాకే మొదలెడుతుంది. ‘ఒకటి’ అనదు, ‘లాభం’ అంటుంది. మా వైపు ధాన్యం కొలిచినా, కొబ్బరికాయలు ఎంచినా మొదటిది లాభమే. వంద పూర్తయితే ఒక గవ్వ తీసి పక్కన పెడుతుంది. ఇక లెక్క పూర్తయ్యేదాకా లేవదు, పిలిస్తే పలకదు. ఒకసారి తుఫాను హెచ్చరిక మైకులో చెప్పుకుంటూ ఆటో వస్తే, తల ఎత్తకుండానే ఎడమచెయ్యి అడ్డంగా చాపింది. మైకు ఆగింది. తుఫాను కూడా ఆగిందని నేను చెబుతుంటాను గానీ, అది మీ ఇష్టం.

ఆవిడకు ఒక్కతే కూతురు. మా బావ పోయాక ఆ ఇంట్లో వాళ్ళిద్దరే. పిల్ల చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని గవ్వలు అందించేది. బళ్ళో చేరిన కొత్తలో టీచరుగారు ఒంట్లు అప్పజెప్పమంటే ‘లాభం, రెండు, మూడు’ అని ఎత్తుకుందట. క్లాసంతా నవ్వితే, “మీ ఇంట్లో నష్టంతో మొదలెడతారా?” అని అడిగిందట. ఆ రెండో ముక్క నేనే కలిపానని అది ఇప్పటికీ అంటుంది. ఆ పిల్లే పెద్దయి, భౌతికశాస్త్రం చదివి, ఇప్పుడు ఒక అణు రియాక్టరు దగ్గర ఉద్యోగం చేస్తోంది. ఊరి పేరు చెప్పను. చెబితే మావాళ్ళు ఎండుచేపల మూటలు కట్టుకుని చూడ్డానికి బయలుదేరతారు. అక్కడ దాని పని కూడా లెక్కపెట్టడమే. కాకపోతే రొయ్య పిల్లను కాదు, న్యూట్రినోలను.

కిందటి వేసవిలో పది రోజుల సెలవు మీద వచ్చింది. ఒక పొద్దున వరండాలో కూర్చుని రొయ్యలు ఒలుస్తుంటే, నేను పక్కన చేరి ఆకు, వక్క వేసుకుంటూ అడిగాను.

“ఇంతకీ అక్కడ నువ్వు పట్టేదేంటే అమ్మాయ్?”

“పట్టడం కాదు మావయ్యా, ఎంచడం. రియాక్టర్లో పరమాణువులు పగులుతాయి కదా, అప్పుడు వేడితోపాటు న్యూట్రినోలు కూడా పుడతాయి. వేడిని కరెంటుకి వాడుకుంటారు. వీటితో ఎవరికీ పని లేదు. గోడలు దాటుకుని పోతుంటాయి. గోడలే కాదు, కొండ, భూమి, నువ్వు, నేను, దేన్నయినా దాటేస్తాయి.”

“నన్ను కూడానా? నన్నడక్కుండానే?”

“రియాక్టరు దాకా ఎందుకు? సూర్యుడి నుంచి వచ్చేవైతే, నీ బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకి వేల కోట్లు పోతున్నాయి. ఇదిగో, ఇప్పుడు కూడా.”

నేను గోరు చూసుకున్నాను. దాని మీద సున్నం తప్ప ఏమీ లేదు.

“మరి తగలవా?”

“తగిలితే మాకింత కష్టం ఎందుకు? మనిషి పుట్టి పోయేలోపు ఒకటో అరో తగిలితే గొప్ప. తగిలినా తెలీదు. అరటిపండులోంచి కూడా కొన్ని వస్తుంటాయి, తెలుసా?”

నేను ఆకు నమలడం ఆపేశాను. “అరటిపండులోంచా? ఇది నువ్వు నా దగ్గర నేర్చుకున్నావా, నేనే నీ దగ్గర నేర్చుకోవాలా?”

అది నవ్వి, ఒక రొయ్య తల తుంచి గిన్నెలో పడేసి చెప్పుకొచ్చింది. పెద్ద తొట్టి నిండా మెరిసే నూనెలాంటిది పోసి పెడతారట. కోట్లానుకోట్లు దూసుకుపోతుంటే, ఎప్పుడో ఒకటి ఆ నూనెలో తగులుతుంది. అప్పుడు చిన్న మెరుపు. రెప్ప వాల్చే లోపలే ఇంకో మెరుపు. రెండూ జంటగా వస్తేనే న్యూట్రినో అని లెక్కలో వేస్తారు. ఒంటి మెరుపు వస్తే అది ఇంకేదో.

“అలాంటి తొట్లు రెండున్నాయి మావయ్యా. ఒకటి రియాక్టరుకి దగ్గర. రెండోది మైలు పైన దూరంలో, కొండ కింద. దూరం పోయేకొద్దీ పలచబడతాయి కదా, ఆ తగ్గుదల మాకు ముందే తెలుసు. దాన్ని తీసేసి చూసినా, దూరం తొట్టిలో ఇంకా తక్కువే వస్తాయి.”

“ఎవడో దారిలో కొట్టేస్తున్నాడు.”

“ఎవడూ కొట్టెయ్యట్లేదు. దారిలో రకం మారుతున్నాయి. న్యూట్రినోలు మూడు రకాలు. రియాక్టర్లోంచి బయలుదేరేవన్నీ ఒకటే రకం. మా తొట్టికి ఆ ఒక్క రకమే తెలుసు. పోతూ పోతూ కొన్ని వేరే రకంలోకి జారిపోతాయి. ఇంకా దూరం పోతే మళ్ళీ మొదటి రకంలోకి వస్తాయి. ఉయ్యాల ఇటూ అటూ ఊగినట్టు. ఎంత దూరంలో ఎన్ని మారాయో చూడ్డమే మా పని.”

చెప్పొద్దూ, నాకు అసూయ పుట్టింది. ఇన్నేళ్ళుగా ఎండలో కూర్చుని కష్టపడి కథలల్లుతున్నాను. కొండల్లోంచి పోయేదీ, అరటిపండులోంచి వచ్చేదీ, దారిలో వేషం మార్చేదీ నాకు ఒక్కటి కూడా తట్టలేదు. పైగా ఇది నిజమట. అలాంటి సరుకు చేతికొస్తే ఎవరు మాత్రం కడుపులో దాచుకుంటారు?

మధ్యాహ్నం మా అక్క హేచరీ నుంచి వచ్చి, నూతి దగ్గర బేసిను కడుక్కుంటోంది. నేను వెళ్ళి గట్టు మీద కూర్చున్నాను.

“అక్కా, నీ కూతురు కూర్చునేచోట సెకనుకి కోట్లూ కోట్లూ దాని ఒంట్లోంచి దూసుకుపోతాయట!”

“ఏంట్రా పోయేవి?”

“రియాక్టరు పిల్లలు. కంటికి కనపడవు. దగ్గర తొట్టిలో ఎంచితే ఎక్కువ, దూరం తొట్టిలో ఎంచితే తక్కువట.”

ఇక్కడితో ఆపి ఉంటే ఈ కథ లేదు. నేను ఆపలేదు. “మధ్యలో తిరిగేది మాత్రం నీ కూతురే,” అన్నాను, రుచి కోసం.

బేసిను మీద ఆవిడ చెయ్యి ఆగింది. నేను మరిచిపోయిందేమిటంటే, మా అక్క జీవితమంతా ఇదే లెక్క. ఇక్కడ ఎంచిన సంచి చెరువు గట్టున ఎంచితే తక్కువొచ్చిందంటే, ఆ తక్కువైనవి ఎక్కడో ఉండాలి. సంచికి చిల్లయినా పడాలి, పిల్ల చచ్చి అడుగునైనా ఉండాలి, మోసినవాడి దగ్గరైనా ఉండాలి. ఊరికే మాయమయ్యే పిల్లను ఆవిడ ఇంతవరకూ చూడలేదు.

“తక్కువైనవి ఎక్కడున్నాయిరా మరి?” అంది.

“ఏమో, నీ కూతుర్లో ఉన్నాయేమో!” అని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. బేసిను నూతిగట్టు మీద బోర్లించి ఇంట్లోకి వెళ్ళింది. సాయంత్రానికల్లా మేనకోడలి ఐడీ కార్డు కనపడకుండా పోయింది. అది లేకపోతే రియాక్టరు గేటు కూడా దాటనివ్వరట. ఇల్లంతా వెతికాక మా అక్క తీరిగ్గా చెప్పింది: “నా దగ్గరే ఉందిలే. నువ్వింక అక్కడికి వెళ్ళక్కర్లేదు. ఇక్కడ కాలేజీలు లేవా? పాఠాలు చెప్పుకో.”

అసలు చిక్కు ఎక్కడంటే, ఆ ఆదివారం మధ్యాహ్నం బస్సుకు అది బయలుదేరాలి. బుధవారం నాడు ఇంధనం మార్చడానికి రియాక్టరు ఆపుతున్నారు. మళ్ళీ అలా ఆపేది ఏడాది దాటాకే. రియాక్టరు ఆగితే నీకు సెలవే కదా అన్నాను నేను. నా వైపు అదోలా చూసింది.

“ఆగినప్పుడే మావయ్యా అసలు పని. అప్పుడు నేను లేకపోతే నా చేతిలో పని ఇంకొకళ్ళకిస్తారు. ఇచ్చాక మళ్ళీ నాకెందుకిస్తారు?” అంది. అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

గురువారం, శుక్రవారం, శనివారం తల్లికి చెబుతూనే ఉంది. దారిలో రకం మారి మళ్ళీ వెనక్కి మారే సంగతి, సూర్యుడి సంగతి చెప్పింది. ఉప్పాడలో కూర్చున్నా, ఇంట్లో తలుపేసుకున్నా అవి మన ఒంట్లోంచి పోతూనే ఉంటాయని చెప్పింది. చివరికి అరటిపండు సంగతి కూడా చెప్పింది. అదే పొరపాటయింది.

“నువ్వు చెప్పేదీ, మీ మావయ్య చెప్పేదీ ఒకేలా ఉన్నాయేంటే?” అంది మా అక్క.

శనివారం సాయంత్రం మేనకోడలు కొట్టుకు వచ్చి, కుక్క పక్కన మెట్టు మీద కూలబడింది. “మావయ్యా, నీ నోట్లో పడ్డాక నిజం కూడా ఎవరికీ పనికిరాదు. నీ మూలంగా నేను చెప్పేది కూడా అబద్ధమైపోయింది. నువ్వే చెడగొట్టావు, నువ్వే బాగుచెయ్యి.”

నా కథల మూలంగా ఎవరికైనా నష్టం జరుగుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. కాళ్ళు కడుక్కున్న సముద్రం ఎవరి పొట్టా కొట్టలేదు కదా! రాత్రంతా ఆలోచించాననను, తొమ్మిదికే నిద్రపోతాను. కానీ పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే ఒక ఉపాయం తట్టింది. మా అక్కకు మాటల మీద నమ్మకం లేదు. ఆవిడ నమ్మేది చెంచా ఒక్కదాన్నే. సరే, చెంచాతోనే చూపిద్దాం.

హేచరీలో తెలిసినాయన్ని అడిగి ఒక మగ్గుడు రొయ్య పిల్ల తెచ్చాను. వాకిట్లో ఈ చివర ఒక బేసిను పెట్టి, ఉప్పుటేరు నీళ్ళు పోసి నేను కూర్చున్నాను. ఆ చివర, నూతి దగ్గర, మా అక్క.

“ఇదిగో అక్కా, నేను ఇక్కడ ఐదొందలు ఎంచి బకెట్లో వేస్తాను. నీ కూతురు ఆ బకెట్టు మోసుకుని నీ దగ్గరికి తెస్తుంది. నువ్వు ఎంచు. నాది దగ్గర తొట్టి, నీది దూరం తొట్టి. మధ్యలో నడిచేది ఇదే. ఐదొందలూ వచ్చాయంటే దీంట్లో ఏమీ ఇరుక్కోవట్లేదన్నట్టే.”

“మావయ్యా, ఇది ప్రయోగం కాదు,” అంది మేనకోడలు నెమ్మదిగా. “రొయ్యలకీ వాటికీ పోలికే లేదు.”

“నువ్వూరుకో. మీ అమ్మ భాషలో మాట్లాడుతున్నాను.”

మా అక్క చీర కొంగు దోపుకుంది. లెక్క అనేసరికి ఆవిడకు కాదనబుద్ధి కాదు. “ఒక్క పిల్ల తక్కువొచ్చినా ఇది కదలదు. మాటేనా?”

“మాటే,” అన్నాను. నా మాటకు విలువెంతో తెలిసీ ఆవిడ ఒప్పుకుంది.

నేను ఎంచాను. లాభం, రెండు, మూడు. వందకో గవ్వ. దేవుడి సాక్షిగా శ్రద్ధగా ఎంచాను. పక్కింటి కోడి వచ్చినా కథ చెప్పలేదు. ఐదు గవ్వలు పెట్టి బకెట్టు ఇచ్చాను. మేనకోడలు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, చుక్క తొణక్కుండా, గుడిలో తీర్థం తెచ్చినట్టు తెచ్చి అమ్మ ముందు పెట్టింది. మా అక్క ముందు ఉత్త నీళ్ళలోకి చూసింది. మొదలెట్టింది. మేనకోడలు నిలబడ్డచోటనే నిలబడిపోయింది. మూడు గవ్వలు. నాలుగు. ఐదు. నేను ఊపిరి వదిలాను.

మా అక్క చెంచా ఆగలేదు.

లాభం, రెండు, మూడు... పద్దెనిమిది దాకా వెళ్ళి ఆగింది. బేసిను వంచి అడుగంతా చూసింది. తర్వాత నా వైపు చూసింది.

“పద్దెనిమిది ఎక్కువ!”

ఇరుక్కోవడం మాట అలా ఉంచండి. వాకిలి దాటేలోపు పిల్ల పెరిగింది! నా స్థానంలో మీరుంటే ఏం చేసేవాళ్ళో తెలీదు గానీ, నా నోరు ఊరుకోలేదు. “చూశావా, నీ కూతురి చెయ్యి పడితే రొయ్యలు కూడా వృద్ధే! హేచరీవాళ్ళకి తెలిస్తే ఎత్తుకుపోతారు!”

“నోర్ముయ్యి. దాన్ని పంపించాలని ఎక్కువేశావు.”

“ఒట్టు అక్కా. లెక్కగా వేశాను.”

“నీ ఒట్టు ఎవడిక్కావాలి?”

ఇక్కడే నాకు నిజంగా ఏడుపొచ్చింది. నలభై ఎనిమిదేళ్ళలో మొదటిసారి శుభ్రంగా నిజం చెబుతుంటే కొట్టు నుంచి నా వెంట వచ్చిన కుక్క కూడా లేచి వెళ్ళిపోయింది. మా అక్క మాత్రం ఊరుకోలేదు. బేసిను తెచ్చి నా ముందు పెట్టి, పీట లాక్కుని, నా మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది. “మళ్ళీ ఎంచు. నేను చూస్తాను.”

ఎంచాను. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, వంద. గవ్వ పెట్టాను. మళ్ళీ లాభం అనబోతుంటే నా మణికట్టు పట్టుకుంది.

“అదేంటి?”

“ఏది?”

“ఇప్పుడు వేసింది.”

“ఏం వేశాను? వందైంది, గవ్వ పెట్టాను.”

“గవ్వ పెట్టాక బకెట్లో ఏం వేశావు?”

నేను చెయ్యి చూసుకున్నాను. చెంచా తడిగా ఉంది. “కొసరు,” అన్నాను.

మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కొసరంటే తెలుసుగా. అమ్మేవాడు కొలిచి ఇచ్చాక, కొలతకు బయట పైన వేసే కాస్తంత. మా నాన్న కాలం నుంచీ మా కొట్లో వంద బెండ్లు ఎంచితే మూడో నాలుగో చేతికొచ్చినన్ని పైన పడతాయి. తాడు గజాల్లో కొలిస్తే చివర జానెడు జారుతుంది. అడగనివాడికి కూడా వేస్తాం. వేసినట్టు మాకే తెలీదు, చెయ్యే వేసేస్తుంది. దాన్ని ఎవరూ లెక్కపెట్టరు, లెక్కపెడితే అది కొసరే కాదు. వాకిట్లో కొనేవాడు లేడు, అమ్మేవాడు లేడు. బకెట్లో ఉన్నది మేనకోడలి బతుకు. అయినా నా చెయ్యి వందకో చెంచా కొసరు వేస్తూనే ఉంది. మా అక్క ఎప్పుడూ కొనేవాళ్ళ తరఫున కూర్చునే మనిషి. ఆవిడకు కొసరు లేదు. బేసినులో కదిలే ప్రతి రొయ్య పిల్లా లెక్కే.

మా అక్క నా మణికట్టు వదిలేసింది. కోప్పడుతుందనుకున్నాను. నా చెంచా తీసుకుని తన చెంచా పక్కన పెట్టింది.

“నీది అమ్మే చెయ్యి, నాది కొనే చెయ్యి,” అంది చివరికి. “రెండు చేతుల లెక్కా పక్కపక్కన పెట్టి, మధ్యలో నడిచినదాన్ని అనుమానించాం.” తర్వాత కూతురి వైపు తిరిగింది. “మీ దగ్గర రెండు తొట్లకీ ఒకటే చెయ్యా?”

నాలుగు రోజుల్లో మొదటిసారి ఆ పిల్ల ముఖంలోకి వెలుగొచ్చింది. వచ్చి తల్లి పక్కన మట్టిలోనే కూర్చుంది. “అదే అమ్మా నా ఉద్యోగం! రెండింట్లోనూ ఒకటే నూనె, ఒకటే కొలత, మెరుపు చూసే గాజు కళ్ళు కూడా ఒకటే రకం. అయినా నమ్మను. వారానికోసారి మాకు తెలిసిన చిన్న దీపాన్ని ఇందులోకీ అందులోకీ దించి, రెండూ ఒకేలా చూస్తున్నాయో లేదో చూస్తాను. ఒకదాని చూపు కాస్త మందగించినా, తేడా దారిలో వచ్చిందో తొట్టిలో వచ్చిందో చెప్పలేం.”

మా అక్క తల ఊపుతూ బేసినులోకి చూస్తోంది. బకెట్లోని ఉప్పుటేరు నీళ్ళతోపాటు వచ్చిన చేప పిల్లలు రెండు ఆ అంచు నుంచి ఈ అంచుకు తిరుగుతున్నాయి.

“అవి లెక్కలో వేశావా అమ్మా?” అని అడిగింది కూతురు.

“చేప పిల్లని నేనెందుకు వేస్తానే? నా చెంచాకి రొయ్య పిల్లే లెక్క.”

నాకు నాలుక దురద పెట్టింది గానీ, మేనకోడలు నా కాలు గిల్లింది. మా అక్క తన చెంచా వైపు, ఆ చేప పిల్లల వైపు చూసింది.

“అంటే, లెక్కలో లేదంటే బేసినులో లేదని కాదు,” అంది తనలో తాను అనుకున్నట్టు.

“కాదమ్మా.”

“మళ్ళీ వెనక్కి మారతాయన్నావే, అది మాత్రం నాకెక్కట్లేదు. ఎదిగిన పిల్ల మళ్ళీ గుడ్డవడం నేనెక్కడా చూళ్ళేదు.”

“మారతాయమ్మా. ఒంట్లో ఇరుక్కుపోతే తిరిగి రావుగా? కానీ ఎంత దూరంలో ఎన్నో మా తొట్లతో ఇంకా తేల్చాలి. లెక్క సగంలో ఉంది. బుధవారం రియాక్టరు ఆపాక, అటు నుంచి ఏమీ రానప్పుడు తొట్లలో ఏవైనా జంట మెరుపులు వస్తున్నాయేమో చూడాలి. అవెన్నో తెలిస్తేనే మిగతా లెక్కలోంచి తీసెయ్యగలం.”

మా అక్క చటుక్కున తలెత్తింది. “ఉత్త నీళ్ళు చూడ్డమా?”

“ఆ. అదే.”

“ఉత్త నీళ్ళు చూడకుండానే మొదలెట్టేశారా?”

“రియాక్టరు మా కోసం ఆగదు కదమ్మా. ఆపినప్పుడే చూడాలి.”

“అయితే నువ్వు లెక్క మధ్యలో లేచొచ్చావా?”

“సెలవు పెట్టే వచ్చాను.”

“నేనడిగింది సెలవు గురించి కాదు.”

పీట వెనక్కి తోసి లేచింది. ఇంట్లోంచి బియ్యం డ్రమ్ము మూత చప్పుడు వినపడింది. నాలుగు రోజులుగా అన్నం ఎసట్లో పడే ప్రతి గిద్దెడు బియ్యమూ ఆ డ్రమ్ములోంచే తీశాం, మాకెవరికీ తట్టలేదు. ఐడీ కార్డు పట్టుకొచ్చి, తాడుకు అంటుకున్న నూకలు దులిపి, కూతురి మెడలో తనే వేసింది. “బస్సెన్నింటికి? కాకినాడ దాకా మీ మావయ్య బండి మీద దింపుతాడు. దారిలో వాడు చెప్పేవి వినకు.”

“నువ్వు పంపిస్తున్నట్టేనా అమ్మా?”

“లెక్క మధ్యలో లేవకూడదని చిన్నప్పుడే చెప్పానా లేదా?” అంది మా అక్క. గొంతు కాస్త బొంగురుగా ఉంది. అది నూకల దుమ్మేనని ఆవిడ అంటుంది.

దారి పొడుగునా నేనేమీ చెప్పలేదు. కోతకు గురైన బీచి రోడ్డు మీద గతుకులు తప్పించుకోవడమే సరిపోయింది. బస్సెక్కేముందు మేనకోడలు మాత్రం, “ఇది కూడా కథ చేసి చెబుతావు కదూ?” అంది. ఉప్పు వెయ్యనని మాటిచ్చాను. నా మాట సంగతి మీకు తెలుసు.

రెండు వారాల తర్వాత ఒక ఉదయం ఫోన్ చేసింది. మా అక్క స్పీకరు పెట్టి బేసిను పక్కన పెట్టుకుంది. ఉత్త నీళ్ళు చూశారట. రెండు తొట్లూ ఒకేలా పలికాయట. పని ఆ పిల్ల చేతిలోనే ఉంది. రియాక్టరు మళ్ళీ మొదలయ్యాక దూరం తొట్టిలో మొదటి జంట మెరుపు పడగానే, షిఫ్టులో ఉన్న తమిళులూ, బెంగాలీలూ కూడా ‘లాభం’ అన్నారట. ఇది నేను కల్పించిందని మీరనుకుంటారు. నేను కల్పిస్తే వాళ్ళచేత కొసరు కూడా వేయించేవాణ్ణి.

“మీ వాళ్ళలో కొట్లు నడిపే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారేమో చూసుకో. చేతి మీద ఓ కన్నేసి ఉంచు,” అని మా అక్క ఫోన్ పెట్టేసింది.

ఆ వారంలోనే పాలకొల్లు వైపు రైతు ఒకాయన పిల్ల కోసం వచ్చి, సంచి తీయించి, మా అక్క ముందు కూర్చున్నాడు. వల తాడు ఇవ్వడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. లెక్క ముగించి గవ్వలు గిన్నెలో వేస్తూ, మా అక్క మామూలుగా, వాన సంగతి చెప్పినట్టు చెప్పింది: “మన గోరంత చోటులోంచి సెకనుకి వేల కోట్లు పోతుంటాయండి, కంటికి కనపడవు. దారిలో రకం మారతాయి. మా అమ్మాయి లెక్కపెడుతోంది. అరటిపండులోంచి కూడా వస్తాయి.”

ఆ రైతు రెండు చేతులూ జోడించినంత పని చేశాడు. “మీరు చెప్పాక ఇంక తిరుగేముందండి అక్కగారూ!” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “మీరెంతసేపూ బీరువాలూ, చొక్కాలూ అంటారు గానీ, ఇలాంటి పనికొచ్చే సంగతులు ఒక్కటైనా చెప్పరేంటండి?” అన్నాడు.

నేను గోరు చూసుకున్నాను.